కంకులమ్మ నోటు

కొత్త ఇరవై నోటు చలామణిలోకి వచ్చిన రోజు నుంచీ కండక్టరమ్మకి మనశ్శాంతి కరువైంది.

ఆమె రేవుకీ రైల్వే స్టేషనుకీ మధ్య తిరిగే బస్సులో పనిచేస్తుంది. గొంతు పెద్దది, మనసు మంచిది, ఎదురు మాట్లాడితే మాత్రం ఊరుకోదు. ఆ రోజు పొద్దున్న రేవు దగ్గర ఎక్కిన పెద్దాయన ఒకాయన జేబులోంచి పెళపెళలాడే నోటు తీసి ఇవ్వబోయి, ఆగి, నోటు వంకా ఆమె వంకా నాలుగైదుసార్లు మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మా, నోటు మీద నీ బొమ్మ వేయించుకున్నావేంటి?"

"టిక్కెట్టు ఎక్కడికో చెప్పండి బాబాయ్, పరాచికాలు తర్వాత."

"పరాచికం కాదమ్మా. నువ్వే చూడు."

పక్కనున్న వాళ్ళు మెడలు చాచారు. నోటు చేతులు మారింది. ఒకరు "అవును సుమా" అన్నారు, ఇంకొకరు "ఆ కనుబొమ్మ చూడండి" అన్నారు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగగానే డ్రైవరు కూడా వెనక్కి తిరిగి నోటు అందుకుని చూశాడు.

"అక్కా, అచ్చు గుద్దినట్టు నువ్వే!" అని, అన్న మాటకి తనే పగలబడి నవ్వాడు.

నోటు మీద బొమ్మ కొత్తదేమీ కాదు. అరవై ఏళ్ళ కిందట మొదటిసారి వచ్చిన ఇరవై నోటు మీద కంకుల కట్ట భుజాన పెట్టుకున్న ఒక పడుచు ఉండేది. జనం ఆమెకి కంకులమ్మ అని పేరు పెట్టారు. ఆ నోటు రద్దయి, ఆ స్థానంలో ఆనకట్టలూ భవనాలూ ఉన్న నోట్లు ఎన్నో వచ్చి పోయాయి. ఈ ఏడాది పెద్ద బ్యాంకు తన వార్షికోత్సవం పేరు చెప్పి ఆ పాత బొమ్మనే మళ్ళీ అచ్చు వేయించింది. కంకులమ్మ ముఖం చతురస్రంగా ఉంటుంది. ఒక కనుబొమ్మ రెండోదానికన్నా పైకి లేచి, ఎవరి మాటో నమ్మనట్టు చూస్తూ ఉంటుంది.

చిక్కంతా ఏమిటంటే, అందరికీ కనిపిస్తున్న పోలిక కండక్టరమ్మకి కనిపించలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, నోటు చేతిలో పట్టుకుని, దాన్నీ అద్దాన్నీ మార్చి మార్చి చూసింది. తన పైకి లేచిన కనుబొమ్మ అద్దంలో ఇటు పక్కన ఉంది, కంకులమ్మది అటు పక్కన. తన పాపిట ఇటు, ఆమెది అటు. ఎవరో పరాయి మనిషిలా ఉంది. ఊరంతా కలిసి తనని ఆట పట్టిస్తోందా?

"అమ్మా, నువ్వు చెప్పు. ఈవిడ నాలా ఉందా?"

వాళ్ళమ్మ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి కాజాలు కుడుతోంది. టైలరు షాపుల వాళ్ళు బట్టల మూటలు ఇంటికే తెచ్చి ఇస్తారు. అరవై దగ్గర పడుతున్నా ఆమె కళ్ళు ఇంకా సూదిలో దారం ఎక్కించగలవు. నోటు అందుకుని ఒక్కసారి చూసింది. పళ్ళతో దారం కొస తెంపింది.

"ఎవరో," అంది. నోటు తిరిగిచ్చేసి కాజా మీదికి వంగింది.

బస్సులో మాత్రం గోల పెరిగిపోయింది. బొమ్మ వేసినందుకు ఎంత ముట్టిందని అడిగేవాళ్ళు కొందరు. ఫొటో తీసుకుంటామనేవాళ్ళు కొందరు. ఒకావిడ ఏకంగా బిడ్డని ఎత్తుకొచ్చి "ఒకసారి తల నిమరమ్మా, నీ చెయ్యి మంచిదేమో" అంది. చివరికి డిపో మేనేజరు పిలిపించాడు.

"ముందుగా చెప్పాలి కదమ్మా! మన సంస్థకి ఎంత పేరొచ్చేది! ఎప్పుడు కూర్చున్నావు బొమ్మకి?"

"నేనెక్కడా కూర్చోలేదు సార్. డ్యూటీలో కూర్చోవడానికే దిక్కు లేదు."

"మరి నీ ముఖం వాళ్ళకెలా వచ్చింది?"

"ఆ బొమ్మ నేను పుట్టకముందుది సార్."

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. "పుట్టకముందు నీ బొమ్మ ఎలా వేస్తారు?"

"అదే నేనూ అడుగుతున్నాను."

ఈ తలా తోకా లేని వ్యవహారం ఏదో తేల్చుకోవాలని కండక్టరమ్మ సెలవు రోజున నోట్ల ముద్రణాలయం దారి పట్టింది.

పాత ముద్రణాలయం ఇప్పుడు మ్యూజియం. ఎత్తైన కిటికీల గదుల్లో గాజు పెట్టెలు, వాటిలో నాణేలు. మధ్యలో చిల్లు ఉన్న రాగి నాణెం, చేప బొమ్మ నాణెం, అంచులు పువ్వు రేకల్లా ఉన్న అల్యూమినియం బిళ్ళ. చిన్నప్పుడు ఆ రేకల బిళ్ళతో బఠాణీలు కొనుక్కున్న సంగతి గుర్తొచ్చి కండక్టరమ్మ ఆ పెట్టె దగ్గర కాసేపు ఆగింది. ఆ వెనక నోట్లు. అన్నిటికన్నా పాతది విదేశంలో అచ్చు వేయించింది. దాని మీద ఇనుప టోపీ పెట్టుకున్న బుగ్గల దేవత. వెనక పడవ బొమ్మ ఉంది కానీ, దాని తెరచాప గాలికి ఎదురుగా ఉబ్బి ఉంది. పడవ ముఖం ఎరగనివాళ్ళెవరో గీసినట్టున్నారు.

"అందరూ అక్కడే నవ్వుతారండి," అంటూ మ్యూజియం అధికారిణి దగ్గరికి వచ్చింది. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని ఉన్నాయి. "రేవులో జనం ఈ నోటు చూసి ఎంత ఎగతాళి చేశారంటే, తర్వాతి నోటు బొమ్మ ఇక్కడి మనిషే..."

మాట పూర్తి కాలేదు. కళ్ళద్దాలు దింపి పెట్టుకుని కండక్టరమ్మ ముఖంలోకి తేరిపార చూసింది.

"ఏమండీ, మీరు..."

"కండక్టర్ని. మీరేమనబోతున్నారో నాకు తెలుసు. నేను అడగడానికి వచ్చిందీ అదే."

అధికారిణి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. కంకులమ్మ ఎవరన్నది కాగితాల్లో ఎక్కడా లేదంది. గాజు పెట్టెలో చీటీ మీద 'ఊహాచిత్రం' అని మాత్రమే ఉంది. "అప్పటి బ్యాంకు పెద్దలు బతికున్న మనిషి బొమ్మ వేయకూడదన్నారట. అందుకని అలా రాశారు. కానీ నేను నమ్మనండి. ఊహించి గీసిన ముఖంలో కనుబొమ్మలు రెండూ సమంగా ఉంటాయి."

"అసలు ముఖమే ఎందుకు వేయాలి? చెట్టో పుట్టో వేస్తే ఈ బాధ ఉండేది కాదు."

"దొంగ నోటు పట్టుకోవడానికండి. భవనానికి ఒక కిటికీ తగ్గినా మనం గమనించం. ముఖంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఏదో తప్పుందని కన్ను పట్టేస్తుంది. రండి, మీకొకటి చూపిస్తాను."

లోపలి గదిలో, మెత్తటి గుడ్డలో చుట్టిన ఉక్కు పలక ఒకటి బల్ల మీద పెట్టి విప్పింది. అరచేతిలో పట్టేంత ఉంది. కంకులమ్మని మొట్టమొదట చెక్కింది దాని మీదే. కాగితం మీద సరిగ్గా పడాలి కనుక పలక మీద బొమ్మ కుడిఎడమలు మార్చి చెక్కుతారు.

కండక్టరమ్మ వంగి చూసింది.

పైకి లేచిన కనుబొమ్మ ఇటు పక్కకి వచ్చింది. పాపిట ఇటు వచ్చింది. రోజూ పొద్దున్నే తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకునే ముఖం, కాస్త వయసు తగ్గించుకుని, ఉక్కులోంచి తననే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఊరంతా చూసింది ఇతరుల కళ్ళకి కనబడే తన ముఖం. అది తనకెప్పుడూ తెలియదు. తనకి తెలిసిన ముఖం ఇదిగో, ఇది.

"నేనే," అంది. "ఇది నేనే. ఎలాగండీ?"

"మీ అమ్మమ్మగారెవరు?" అధికారిణి మెల్లగా అడిగింది.

కండక్టరమ్మ వాళ్ళమ్మ అనాథాశ్రమంలో పెరిగింది. తల్లి ఎవరో, తండ్రి ఎవరో తెలియదు. చిన్నప్పుడు అడిగితే "నాకెవరూ లేరు, నాకు మీ నాన్నా నువ్వూ" అనేది. నాన్న పోయాక ఆ మాట కూడా అనడం మానేసింది.

అధికారిణి ఒక అడ్రసు చెప్పింది. ఆ పలక చెక్కినాయన బతికే ఉన్నాడు. ముద్రణాలయంలో అందరూ చెక్కుడు మాస్టారు అనేవారట. తొంభై దగ్గర పడింది, కూతురి దగ్గర ఉంటున్నాడు. "కాకపోతే ఆయన మాట ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది, ముందే చెప్తున్నాను. ఏమైనా తేలితే చెప్పండి, చీటీ మార్చాలేమో చూద్దాం," అంది.

మాస్టారి ఇల్లు సైకిలు రిపేరు షాపు పైన. తలుపు తీసిన కూతురు రిటైరైన లెక్కల టీచరు, జుట్టంతా ముగ్గుబుట్ట. కండక్టరమ్మని చూసి గడప మీదే నిలబడిపోయింది. ఆమె భుజం మీదుగా లోపలున్న ముసలాయన కూడా చూశాడు. దుప్పటి పక్కకి తోసి లేవబోయాడు.

"వచ్చావా? ఇంతాలస్యమా! వెలుతురు పోతోంది. కూర్చో, గడ్డం పైకెత్తు. ఈసారైనా నోరు మూసుకుని కూర్చో."

కండక్టరమ్మకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. చూపించిన స్టూలు మీద కూర్చుంది. గడ్డం పైకెత్తింది. ముసలాయన కళ్ళు చికిలించి ఆమె ముఖాన్ని ముక్కలు ముక్కలుగా చూశాడు, ఏ ముక్కకా ముక్క.

"పాప ఏడుస్తోందని మొన్న మధ్యలోనే లేచిపోయావు. అలా అయితే నా పని ఎప్పటికి తెమిలేను?"

"ఏ పాప, తాతగారూ?"

"ఏ పాపేంటి! పాప!" అని విసుక్కుని, గోడ వైపు తిరిగి నిద్రలోకి జారుకున్నాడు.

కూతురు కండక్టరమ్మని వంటగదిలోకి తీసుకెళ్ళింది. ఒక పళ్ళెంలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టి, తనూ ఒలుస్తూ చెప్పింది. తడి నోట్ల కాగితాలు తీగల మీద ఆరేసే గది ఒకటి ముద్రణాలయంలో ఉండేదట. అందులో పనిచేసే అమ్మాయినే నాన్న బొమ్మకి కూర్చోబెట్టాడట. అంతవరకూ ఖాయం. ఆ పైన అంతా గందరగోళం.

"నా చిన్నప్పుడు నాన్న ఏం చెప్పేవారంటే, ఆ అమ్మాయికి పెళ్ళయి దూరం వెళ్ళిపోయిందని. అమ్మ చెప్పింది ఇంకోటి. నోటు బయటికొచ్చాక ఆ పిల్ల వీధిలో నడవలేకపోయిందట. సంతకెళ్ళినా, బస్సెక్కినా అందరూ వేలెత్తి చూపించడమే. దానికి తోడు పెళ్ళి కాకుండానే కడుపుతో ఉందట. ముఖం దాచుకుందామంటే అందరి జేబుల్లోనూ అదే ముఖమాయె. ఒక రోజు పనికి రాలేదు. అంతే."

"మీరు ఏది నమ్ముతారు?"

"లెక్క అయితే తేల్చగలను. ఇది నా వల్ల కాదమ్మా."

ఇంటికి వెళ్ళే దారిలో కండక్టరమ్మ బుర్ర వేడెక్కిపోయింది. ఈ మాటలు అమ్మకి చెప్పాలా? చెప్తే ఏమని చెప్పాలి? నీకు తల్లి దొరికిందనా, దొరకలేదనా? వదిలేసిందనా, వదిలేయక తప్పలేదనా? తన పక్కన కూర్చున్న ప్రయాణికుడు ఎక్కడ దిగాలని అడిగితే, దారంతా కంఠతా వచ్చిన మనిషి, తెలియదని చెప్పేసింది.

చివరికి చెప్పింది. కాజా కుడుతున్న అమ్మ చెయ్యి ఆగలేదు. అంతా విన్నాక "కాగితాలు ఆరేసే గదిలోనా?" అని మాత్రం అడిగింది. మళ్ళీ కాసేపటికి, "ఆ ముసలాయన ఎప్పుడు మెలకువగా ఉంటాడు?" అంది.

తల్లీకూతుళ్ళిద్దరూ మర్నాటి ఆదివారం పొద్దున్నే వెళ్ళారు. అమ్మ ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుంది. మెట్లెక్కేటప్పుడు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెక్కుడు మాస్టారు ఆ రోజు హుషారుగా ఉన్నాడు, కుర్చీలో కూర్చుని పాలు తాగుతున్నాడు. కండక్టరమ్మని చూసి "నువ్వా, కూర్చో" అన్నాడు. వెనకున్న అమ్మ వైపు చూపు జరిపాడు.

"ఈవిడెవరు?"

కండక్టరమ్మ తొందర తొందరగా అంది, "మా అమ్మ తాతగారూ. సరిగ్గా చూడండి. మీ కంకులమ్మ పోలిక ఏమైనా ఉందా?"

ముసలాయన నిజంగానే చూశాడు, చాలాసేపు. అమ్మ కదలకుండా నిలబడింది. ఆమె ముఖం గుండ్రం. కనుబొమ్మలు రెండూ సమంగా, బుద్ధిగా ఉంటాయి.

"లేదు," అన్నాడు. "ఇది వేరే ముఖం. మంచి ముఖమే. కానీ వేరే."

మరి నాకెలా వచ్చిందీ ముఖం అని కండక్టరమ్మ నోటిదాకా వచ్చింది. నాన్న వైపు నుంచా? నాన్న వాళ్ళమ్మ ఏ పని చేసేదో ఎవరికి తెలుసు? అసలు ఇన్నాళ్ళూ అటు ఆలోచించనే లేదు. ఒక తరం దాటి పోలికలు వస్తాయంటారు, అదీ కావచ్చు. ఏదీ కాకపోవచ్చు, లోకంలో ఎంతమంది లేరు.

అమ్మ ముందుకొచ్చి ముసలాయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"అయ్యా, ఆ అమ్మాయికి పాప ఉందా?"

"ఉంది."

అమ్మ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఉంది," అన్నాడు మళ్ళీ, పాల గ్లాసు కింద పెడుతూ. "లేదు... పాప నాది. మా ఆవిడ అన్నం క్యారియరు తెచ్చినప్పుడల్లా పాపని కూడా తెచ్చేది. అది గుక్కపట్టి ఏడిస్తే ఈ పిల్ల లేచి ఎత్తుకునేది. నా బొమ్మ పాడయ్యేది." వేలితో తన కూతుర్ని చూపించాడు. "అదిగో, ఆ పాప."

లెక్కల టీచరు తలుపుకి చేరగిలబడింది. "నన్నెత్తుకుందా?" అంది, ఎవరితోనూ కాకుండా. ఆమె కళ్ళు చెమర్చాయి.

అమ్మ తల ఊపింది. ఆమెకి కోపం వచ్చిందో ఏడుపొచ్చిందో కండక్టరమ్మకి అర్థం కాలేదు. అమ్మ మళ్ళీ అడిగింది. "బాగా మాట్లాడేదన్నారటగా. ఏం మాట్లాడేది?"

"ఆపేది కాదు. అందుకే నోరు అన్నిటికన్నా చివర చెక్కాను."

"కానీ ఏం మాట్లాడేది?"

ముసలాయన ఆలోచించాడు. నుదుటి మీద గీతలు దగ్గర పడ్డాయి. నిజాయితీగా వెతుకుతున్నట్టే ఉంది.

"ఎవరికి గుర్తు! నేను కనుబొమ్మ గురించి ఆలోచిస్తున్నాను," అన్నాడు.

అమ్మ ఫక్కున నవ్వింది. అంత గట్టిగా నవ్వడం కండక్టరమ్మ ఎన్నాళ్ళకో వింది. ముసలాయన కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా. టీచరు టీ పెట్టింది. వెళ్ళేముందు అమ్మ ఆయన చొక్కాకి వేలాడుతున్న గుండీ గమనించి, సంచీలోంచి సూదీ దారం తీసి, ఒంటి మీద ఉండగానే కుట్టేసింది. ఆయన చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి కూర్చున్నాడు.

బస్టాపులో ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది. డ్రైవరు హారన్ కొట్టి చెయ్యూపినా కండక్టరమ్మ లేవలేదు.

"అమ్మా, మనం మ్యూజియం ఆవిడకి ఏం చెప్పాలి? చీటీ మార్చాలా అని అడిగింది."

"ఆరేసే గదిలో పనిచేసిన అమ్మాయి అని రాయమను. అది ఖాయమన్నారు కదా. మన సంగతి వద్దు."

"మన సంగతి అబద్ధమంటావా?"

"నాకు తెలీదే." అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వంక చూసింది. "ఒకటి చెప్తాను, నవ్వకు. ఆశ్రమంలో ఉండగా గేటు దగ్గరికి ఒకావిడ వచ్చేది. ముఖమంతా గుడ్డ చుట్టుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా. మేమంతా కమ్మీల దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఏమీ ఇచ్చేది కాదు, మాట్లాడేది కాదు. చూసి వెళ్ళిపోయేది."

కండక్టరమ్మ అమ్మ వైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఇన్నేళ్ళూ గుర్తు లేదు. ఇందాక మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది." అమ్మ కాస్త ఆగింది. "గుర్తొచ్చిందో, ఇప్పుడే పుట్టిందో. నిన్న ఆ టీచరమ్మ ముఖం దాచుకోవడం గురించి చెప్పిందని నువ్వు చెప్పకపోతే, గుడ్డ చుట్టుకున్నావిడ నాకు కనిపించేదా? గేటు మాత్రం నిజం. ఆకుపచ్చ రంగు. తుప్పు చేతికి అంటుకునేది."

"ఆవిడ కనుబొమ్మ?"

అమ్మ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఎంతసేపటికీ తెరవలేదు.

"ఆ కనుబొమ్మ పెట్టి చూస్తే అలాగే కనిపిస్తోంది," అంది చివరికి. "తీసేసి చూస్తే అలాగూ కనిపిస్తోంది. ఏది ముందుదో తెలీడం లేదే తల్లీ."

కండక్టరమ్మకి తెలిసిన ఓదార్పు మాటలన్నీ ఏదో ఒకటి తెలిసినవాళ్ళకి చెప్పేవి. రెండో బస్సు వచ్చింది. అందులో ఆమెకి తెలియని కుర్ర కండక్టరు ఒకతను ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ స్టాపుల పేర్లన్నీ గడగడా అప్పజెప్పాడు.

"ఎక్కడికమ్మా?" అని అమ్మనడిగాడు.

అమ్మ కూతురి వంక చూసింది, కూతురు అమ్మ వంక చూసింది. వెనకనున్న వాళ్ళు తోసుకుంటున్నారు.

"ముందు ఎక్కనీ నాయనా," అంది అమ్మ, కమ్మీ పట్టుకుని. "చెప్తాం."